ఇంట్లో చేసే బోర్డ్ గేమ్‌కి పాచికల లెక్క కుదర్చడం ఎలా

ఇంట్లో బోర్డ్ గేమ్ చేద్దామని కూర్చున్న పదిమందిలో తొమ్మిదిమంది మొదట చేసే పని ఒకటే. అట్టముక్క మీద గళ్లు గీస్తారు, అక్కడక్కడా "రెండు గళ్లు వెనక్కి", "ఒక వంతు ఆగాలి" అని రాస్తారు, పాత లూడో డబ్బాలోంచి ఒక పాచిక తీసి పక్కన పెట్టి ఇక ఆట రెడీ అంటారు. పిల్లలు ఒకసారి ఆడతారు, రెండోసారి పిలిస్తే రారు. బొమ్మలు బాగాలేక కాదు, ఆ ఆటలో వాళ్లు చేయడానికి ఏమీ లేదు. పాచిక పడింది, లెక్కపెట్టి జరిపారు, మళ్లీ వంతు వచ్చేదాకా కూర్చున్నారు. ఆడుతున్నది పాచిక, వీళ్లు దాని దగ్గర పావులు జరిపే కూలీలు.

వైకుంఠపాళి కూడా అచ్చం అలాంటిదే, కాకపోతే పుణ్యం ఎక్కిస్తుంది, పాపం మింగుతుంది అని చెప్పడానికి గీసిన పటం అది, ఆటగాడి తెలివితో దానికి పనిలేదు. అదే అష్టాచమ్మా తీసుకోండి. గవ్వలు మూడు పడ్డాయి. నాలుగు పావుల్లో దేన్ని జరపాలి? ముందున్న దాన్ని ఇంటూ గీసిన గడిలోకి చేర్చి కాపాడుకోవాలా, వెనకున్న దానితో పక్కవాళ్ల పావును చంపాలా, చంపకపోతే లోపలి గళ్లలోకి పోనివ్వరు కదా? పందెం ఎంత పడుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు, పడ్డాక ఏం చేయాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది. మీ ఆటకి పాచికలు ఎన్ని, ఏ రకం, ఎప్పుడు వేయాలి అనే ప్రతి ప్రశ్ననీ ఇక్కడికే తెచ్చి పెట్టండి: పాచిక ఆగిన తర్వాత ఆటగాడు తేల్చుకోవాల్సింది ఏమైనా మిగిలిందా?

వట్టి లెక్కలు చెబితే తలకెక్కవు, ఒక ఆటను పట్టుకుని పోదాం. వరంగల్ వాళ్లకి ఏనుమాముల మార్కెట్ కన్నా మంచి సరుకు ఏముంది. మిర్చి సీజన్‌లో రైతులు రాత్రే బస్తాలతో వచ్చి వాటి మీదే పడుకుంటారు, పొద్దున జెండా పాట. బయటి ఊళ్ల వాళ్లకి చెప్పాలంటే, ఒక మంచి రాశి దగ్గర వ్యాపారులు చేరి పాట పాడితే తేలిన ధర ఆ రోజుకి జెండా ధర, మిగతా రాశులకి సరుకును చూసి చాలావరకు దానికన్నా తక్కువే కడతారు. గిట్టుబాటు కాదనుకున్నవాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు, కానీ అద్దె పడుతుంది, రేపటి ధర ఎవరికీ తెలియదు. పాచికలకి ఇంతకన్నా తగిన పని ఇంకేం కావాలి. ఆట పేరు "మిర్చి యార్డు" అనుకుందాం. ముగ్గురో నలుగురో ఆడతారు, పది మార్కెట్ రోజులు, ఒక్కొక్కరికి 20 క్వింటాళ్లు, చివరికి ఎవరి దగ్గర డబ్బు ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు.

ముందు జెండా ధర సంగతి. ఒకే పాచికతో ధర తేలుద్దామంటే ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానంగా పడతాయి, ఒక్కోదానికి 16.7 శాతం. అంటే అట్టడుగు ధర, ఆకాశమంటే ధర, మామూలు ధర, మూడూ ఒకే రకంగా వస్తుంటాయి. ఆరు రకాల ఘటనల్లో ఏదో ఒకటి జరగాలి అన్నప్పుడు ఒక పాచిక బాగుంటుంది కానీ ధరకి పనికిరాదు. రెండు పాచికలు వేసి కూడితే కథ మారుతుంది. మొత్తం 36 రకాలుగా పడొచ్చు, అందులో 7 వచ్చేవి ఆరు, 6 వచ్చేవి ఐదు, 8 వచ్చేవి ఐదు, అలా రెండు వైపులా ఒక్కొక్కటి తగ్గుతూ పోయి చివర 2కీ 12కీ ఒక్కొక్కటే మిగులుతాయి. వచ్చిన మొత్తానికి 8 కలిపి వేలల్లో ధర అనుకుంటే 10 వేల నుంచి 20 వేల దాకా ఉంటుంది, అందులో 14 నుంచి 16 వేల మధ్య పడే అవకాశం 44 శాతం, 20 వేలు మాత్రం 36 పందేలకి ఒకసారి. ఆ 20 వేలు పడ్డ రోజు ఇంట్లో అరుపులు వినాలి.

ఈ లెక్క మనకి కొత్తేం కాదు. భారతంలో నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకుని ఋతుపర్ణుడి దగ్గర రథం తోలే పనికి కుదురుతాడు, ఆ ఋతుపర్ణుడు దారిలో ఒక తాండ్ర చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి చెప్తాడు, గుర్రాల విద్య అయిన అశ్వహృదయానికి బదులుగా పాచికల విద్య అయిన అక్షహృదయాన్ని నలుడికి నేర్పుతాడు. చెట్టు లెక్కా జూదం లెక్కా ఒకే చోట పెట్టిన ఆ కథను పాచికలతో పనిచేసేవాళ్లు ఒకసారి చదువుకోవచ్చు.

మూడు పాచికలు వేస్తే మధ్యకి ఇంకా గట్టిగా లాగుతుంది, 216 రకాల్లో 10కి 27, 11కి 27, చివరన ఉన్న 3కీ 18కీ ఒక్కొక్కటే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 9 రావడానికీ 10 రావడానికీ అంకెల కలయికలు ఆరేసి ఉంటాయి, అయినా 9 వచ్చేది 25 రకాలుగా, 10 వచ్చేది 27 రకాలుగా. ఎందుకంటే మూడూ మూడులే పడి 9 అయ్యేది ఒకే ఒక్క రకంగా. ఇటలీలో జూదగాళ్లు ఈ చిన్న తేడాను అనుభవంతోనే పట్టారు, ఎందుకో గెలీలియో లెక్కేసి చూపించాడు. మీ ఇంటి ఆటకి మాత్రం మూడు పాచికలు వద్దనే అంటాను. చిన్నపిల్లలు ప్రతిసారీ మూడంకెలు కూడుతూ కూర్చుంటే ఆట నత్తనడక నడుస్తుంది, దానివల్ల వచ్చే లాభం రెండు పాచికలతోనే దాదాపు దొరుకుతుంది.

సరే, రెండు పాచికల మొత్తమే ధర అని పెట్టి ఆడితే ఇంకో లోటు కనపడుతుంది. నిన్న 19 వేలు, ఇవాళ 11 వేలు, రేపు మళ్లీ 17 వేలు. పాచికకి నిన్నటి సంగతి గుర్తుండదు, మార్కెట్‌కి ఉంటుంది. నిన్నటి ధర ఇవాళ్టికి ఏమీ చెప్పనప్పుడు ఆగాలా అమ్మాలా అని ఎవరు మాత్రం ఏం ఆలోచిస్తారు, మళ్లీ మొదటికే వచ్చాం. దీనికి మందు ధరను పాచికతో నిర్ణయించకుండా ధర కదలికను పాచికతో నిర్ణయించడం. బోర్డు పక్కన 10 వేల నుంచి 20 వేల దాకా 500 చొప్పున 21 గళ్ల పట్టీ గీయండి, మధ్యలో 15 వేల దగ్గర ఒక గుండీ పెట్టండి. ఒక ఎర్ర పాచిక, ఒక తెల్ల పాచిక. రోజూ రెండూ వేసి ఎర్రదాంట్లోంచి తెల్లది తీసేస్తే ఎంతొస్తుందో అన్ని గళ్లు జరపాలి, ఎర్రది పెద్దదైతే పైకి, తెల్లది పెద్దదైతే కిందికి. ఎర్ర 5, తెల్ల 2 అయితే మూడు గళ్లు పైకి, అంటే 1,500 పెరిగింది. రెండూ సమానమైతే ధర కదలదు, అది 36లో ఆరుసార్లు. ఒక గడి అటో ఇటో లేదా అసలు కదలకపోవడం అన్నీ కలిపి 44 శాతం, ఒకేసారి ఐదు గళ్లు పైకి ఎగరడం 36లో ఒకసారి, కిందికి పడటమూ అంతే.

500 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. ఈ రెండు పాచికల తేడా రోజుకి మామూలుగా రెండు రెండున్నర గళ్ల మేర ఊగుతుంది, పది రోజులకి ఏడెనిమిది గళ్లు. పట్టీ మధ్య నుంచి అంచుకి పది గళ్లు కాబట్టి అప్పుడప్పుడు అంచును తాకుతుంది, ఎక్కువసార్లు తాకదు. అదే గడికి వెయ్యి పెడితే మధ్య నుంచి అంచుకి ఐదే గళ్లు, నాలుగైదు రోజుల్లోనే గుండీ పోయి చివర అతుక్కునే అవకాశం బాగా పెరుగుతుంది, అప్పుడు పైన ఉంటే అందరూ అమ్ముతారు, కింద ఉంటే అందరూ ఆగుతారు, ఆలోచించేదేమీ ఉండదు. మీరు ఏ ఆట చేసినా, ధరలే కానివ్వండి ఓపికే కానివ్వండి నీళ్ల మట్టమే కానివ్వండి, పట్టీ పొడవు పాచిక ఊపుకి సరిపోయేలా చూసుకోవడం అసలు పని.

ఇప్పుడు ఎవరి రాశి వాళ్లది. జెండా ధర అందరికీ పడదు కాబట్టి ఒక్కొక్కరూ తమ సరుకుకి ఒక పాచిక వేస్తారు. ఆరు పడితే పూర్తి జెండా ధర, నాలుగు లేదా ఐదు పడితే 500 కోత, రెండు లేదా మూడు పడితే 1,000 కోత, ఒకటి పడితే తేమ ఉందో తాలు ఉందో అని 2,000 కోత. సగటున 833 కోత. ఇక్కడే చాలామంది వరస తప్పు పెడతారు: ముందు ఎన్ని క్వింటాళ్లు అమ్ముతావో చెప్పు, తర్వాత పాచిక వెయ్యి. అలా పెడితే ఒకటి పడ్డవాడు మొహం వేలాడేసుకుని కూర్చుంటాడు, వాడు చేసిన తప్పేమీ లేదు, ఆటలో శిక్ష పడింది. వరస తిప్పండి. ముందు పాచిక, కోత ఎంతో తెలిసింది, ఇప్పుడు చెప్పు, ఎన్ని అమ్ముతావు, ఎన్ని ఆపుతావు? పాచికలు అవే, కోతలు అవే. ఒకటి పడ్డవాడు ఇప్పుడు తల గోక్కుంటూ రేపటి ధర గురించి పక్కవాడితో వాదిస్తుంటాడు.

ఆపిన ప్రతి క్వింటాకీ రోజుకింత అని స్టోరేజీ అద్దె ఉండాలి, లేకపోతే అందరూ ఆరు పడేదాకా ఆగుతారు. ఎంత పెట్టాలి? దీన్ని ఊహతో కాదు, లెక్కతోనే పట్టాలి, లెక్క కూడా పెద్దదేం కాదు. జెండా ధర సగటున పెరగదు తగ్గదు అనుకోండి. అప్పుడు ఆగేవాడు చూసుకోవాల్సింది రెండే, రేపు పడబోయే సగటు కోత, దానికి తోడు అద్దె. అద్దె 400 అయితే, ఒకటి పడ్డ రోజల్లా ఆగే తెలివైన ఆటగాడికి రేపటి నుంచి పడే కోత, మళ్లీ ఆగాల్సొస్తే కట్టే అద్దె కలిపి సగటున 680 పడుతుంది, ఇవాళ్టి అద్దెతో కలిపి 1,080. ఇవాళ 500 కోత పడ్డవాడు హాయిగా అమ్మేస్తాడు. 2,000 పడ్డవాడు ఆగుతాడు. 1,000 పడ్డవాడికి మాత్రం 1,000కీ 1,080కీ మధ్య ఊగిసలాట, కావాల్సింది అదే. అద్దె 100కి దించితే మూడు లోపు పడ్డవాళ్లంతా రోజూ ఆగుతారు, 1,200 చేస్తే ఒకటి పడ్డవాడు కూడా ఆగడు. అంటే అద్దె అనే ఒక్క అంకెతో ఆట మొత్తాన్ని బిగించొచ్చు, వదులు చేయొచ్చు. చివరి రెండు రోజుల్లో ఈ లెక్క మారుతుంది, పదో రోజు ఆగడానికి రేపు ఉండదు కదా, అందుకే ఆట చివర్లో తొందర తనంతట తానే వస్తుంది, దానికి వేరే రూలు పెట్టక్కర్లేదు.

దురదృష్టం వెంటబడిన వాళ్ల కోసం బేరం బిళ్లలు పెట్టండి, ఆట మొత్తానికి ఒక్కొక్కరికి రెండు. బిళ్ల ఇస్తే సరుకు పాచిక మళ్లీ వేయొచ్చు, కానీ రెండోసారి పడ్డదే ఖాయం, మొదటిది బాగుందని వెనక్కి పోవడం లేదు. మామూలు పాచిక సగటు 3.5, మూడు లోపు పడితేనే మళ్లీ వేసే అవకాశం ఉంటే సగటు 4.25 అవుతుంది. మన కోతల పట్టికలో చూస్తే 833 ఉన్న సగటు కోత 583కి తగ్గుతుంది, క్వింటాకి 250 లాభం. పది క్వింటాళ్లు అమ్మే రోజు వాడితే 2,500, రెండు క్వింటాళ్లు అమ్మే రోజు వాడితే 500. బిళ్ల ఎప్పుడు తీయాలి అనేది మంచి ప్రశ్నగా మిగిలింది చూడండి. కొందరు దీనికి బదులు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోమంటారు, దాని సగటు 4.47, లాభం కాస్త ఎక్కువే కానీ అందులో ఎంచుకునేదేమీ లేదు, పెద్దది తీసుకోకుండా ఎవరుంటారు. నేను బిళ్లకే ఓటేస్తాను. బాగా వెనకబడ్డ ఆటగాడికి మూడో బిళ్ల ఇవ్వడం కూడా బాగుంటుంది, ఐదో రోజు అయ్యాక అందరికన్నా తక్కువ డబ్బున్న వాళ్లకి, ఒక్కసారే.

ఇక ఆటకి కారం పట్టించేది కల్లం. రోజూ మార్కెట్ అయ్యాక ఒక్కొక్కరూ కల్లంలో మిర్చి ఆరబెట్టుకుంటారు: పాచిక వేయాలి, రెండు నుంచి ఆరు ఏది పడినా అన్ని పాయింట్లు, ఇంకా వేయొచ్చు లేదా ఆపేయొచ్చు, ఆపేస్తే ప్రతి ఐదు పాయింట్లకి ఒక క్వింటా సంచిలోకి. ఒకటి పడిందా, చెడగొట్టు వాన, ఆ రోజు ఆరబెట్టిందంతా పోయింది. ఇది పిగ్ అనే పాత పాచికల ఆటలోని పద్ధతే. ఎప్పుడు ఆపాలనేదానికి లెక్క ఉంది. ఇంకోసారి వేస్తే వచ్చే లాభం సగటున 3.33, పోయేది ఉన్నదాంట్లో ఆరో వంతు, ఈ రెండూ సమానమయ్యేది 20 దగ్గర. కాబట్టి 20 దాటితే ఆపడం మంచిది, అప్పటిదాకా వేయడం మంచిది. వినడానికి బాగుంది కానీ 20 దాకా పట్టుబట్టి వేసేవాళ్లు నూటికి 62 సార్లు వానలో తడుస్తారు. పెద్దవాళ్లు నవ్వుకుంటారు, ఏడేళ్ల పిల్ల నాలుగోసారి తడిస్తే పాచిక విసిరికొట్టి పోతుంది. చిన్నపిల్లలుంటే ఒక రోజుకి మూడు పందేలకన్నా ఎక్కువ వేయకూడదని గీత పెట్టండి, మూడూ వాన పడకుండా దాటే అవకాశం 58 శాతం. పెద్దవాళ్లే ఆడుకుంటుంటే, ఇంకా టెన్షన్ కావాలంటే, ఒకటి పడినా రెండు పడినా వానే అనండి, అప్పుడు ఆపాల్సిన చోటు 20 నుంచి ఏకంగా 9కి దిగుతుంది. గమనించండి, కల్లంలో పాచిక పడ్డ ప్రతిసారీ ఆటగాడు ఏదో ఒకటి తేల్చుకుంటున్నాడు, ఒక్క వాన పడ్డప్పుడు తప్ప. అందుకే ఇంత చిన్న రూలుకి ఇంత పట్టు.

మీది మార్కెట్ ఆట కాకుండా పావులు నడిచే ఆట అయితే రెండు చోట్ల జాగ్రత్త, రెండూ మనకి లూడో నుంచి అలవాటైపోయినవే. మొదటిది, ఆరు పడితే గానీ బయటికి రాకూడదు అన్న రూలు. సగటున ఆరు వంతులు ఆగాలి, అది సగటు మాత్రమే. ఒక మనిషికి పది వంతులైనా ఆరు పడకుండా ఉండే అవకాశం 16 శాతం, నలుగురు ఆడుతుంటే వాళ్లలో కనీసం ఒక్కరైనా పది వంతులు అలా కూర్చునే అవకాశం 51 శాతం. అంటే మీరు ఆడే ప్రతి రెండు ఆటల్లో ఒకదాంట్లో ఎవరో ఒకరు ఇంటి ముందే కూర్చుని ఫోన్ తీస్తారు. ఒక పావును మొదటే బయట పెట్టండి, లేదా మూడు వంతులు ఆగినవాళ్లు నాలుగోసారి ఏది పడినా రావొచ్చు అనండి. రెండోది, చివర్లో సరిగ్గా అంతే పడాలి అన్న రూలు. ఇందులో ఒక వింత ఉంది, పండడానికి ఒక గడి దూరంలో ఉన్నా ఆరు గళ్ల దూరంలో ఉన్నా సగటున పట్టే వంతులు ఆరే. కాగితం మీద వేసుకుని చూడండి, నమ్మబుద్ధి కాదు. నాలుగు పావులున్న ఆటలో ఒకటి ఆగితే ఇంకోదాన్ని జరుపుకోవచ్చు కాబట్టి ఇది చెల్లుతుంది, ఒకే పావున్న ఆటలో ఈ రూలు తీసి పారేయండి.

ఆట ఎంతసేపు నడుస్తుందో కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. 60 గళ్ల దారి, ఒక పాచిక, వంతుకి సగటున 3.5 గళ్లు, అంటే సుమారు 17 వంతులు. నలుగురైతే 68, వంతుకి అర నిమిషం చొప్పున 34 నిమిషాలు. వెనక్కి పంపే గళ్లు పెట్టిన కొద్దీ ఇది పెరుగుతుంది. అన్నం తిన్నాక ఒక ఆట అనుకుంటే ముప్పావు గంట దాటనివ్వొద్దు.

పాచికలకి బదులు గవ్వలు వాడితే ఆటకి మన ఇంటి వాసన వస్తుంది, లెక్క కూడా వేరేగా, అందంగా ఉంటుంది. నాలుగు గవ్వలు ఒక్కోటి వెల్లకిలా బోర్లా సమానంగా పడుతుందనుకుంటే 16 రకాల్లో ఒకటి పడేది నాలుగు, రెండు పడేది ఆరు, మూడు పడేది నాలుగు, చమ్మా ఒకటి, అష్టా ఒకటి. చమ్మాకి 4, అష్టాకి 8 కాబట్టి పందెం సగటు సరిగ్గా 2.5, ఆ రెండు పడితే వచ్చే అదనపు పందెం కూడా కలిపితే 2.86 దాకా వస్తుంది. కానీ గవ్వ నాణెం కాదు, దాని వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏ గవ్వ ఎటు ఎక్కువ పడుతుందో దాని ఆకారాన్ని బట్టి ఉంటుంది. మీ గవ్వలు వెల్లకిలా పడేది 60 శాతం అనుకోండి, అప్పుడు చమ్మా 13 శాతానికి ఎక్కుతుంది, అష్టా 2.6 శాతానికి పడిపోతుంది. చిన్న వాలు, ఇంత పెద్ద తేడా. కాబట్టి గవ్వలు పెట్టే ముందు ఆ నాలుగింటినీ ఓ యాభైసార్లు వేసి రెండు వందల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాసుకోండి, తర్వాతే ఏ పందేనికి ఎంత విలువ అనేది పెట్టండి. చింతగింజలు ఒక వైపు అరగదీసి వాడేవాళ్లకీ ఇదే మాట, నాలుగు గింజలూ ఒకే రకంగా అరిగేలా చూసుకోవాలి.

పాచికలు సొంతంగా చెక్కించాలనుకుంటే వడ్రంగి దగ్గర 16 మిల్లీమీటర్ల టేకు ముక్కలు కోయించుకోండి, అన్ని వైపులా కొలత ఒకటే ఉండాలి, ఎదురెదురు ముఖాలు కూడితే ఏడు రావాలి. చుక్కలు లోతుగా తవ్వితే ఆరు వైపు తేలికవుతుంది, పెయింట్ చుక్కలే మేలు. తయారయ్యాక పరీక్ష పెట్టాలి. 60 సార్లు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో రాయండి, ఒక్కోటి పది రావాలి కాబట్టి పదికి ఎంత తేడా ఉందో దాన్ని దానితోనే గుణించి ఆరింటినీ కూడండి. 110 దాటితే పాచిక మీద అనుమానం పెట్టుకోవాలి, అయితే మంచి పాచిక కూడా ఇరవై పరీక్షల్లో ఒకసారి అంత దాటుతుంది కాబట్టి ఇంకోసారి వేసి చూశాకే పారేయండి. ఆరు 17 సార్లు, ఒకటి 4 సార్లు పడి, మిగతావి పదికి అటూ ఇటూగా 9, 10, 10, 10 ఉన్నాయనుకోండి, మొత్తం 86 మాత్రమే, కంటికి ఎంత దొంగ పాచికలా కనపడినా తప్పు పట్టడానికి ఇంకా ఆధారం లేదు. ప్లాస్టిక్ పాచిక అయితే గ్లాసు నీళ్లలో అది తేలేదాకా ఉప్పు కలిపి వేలితో తిప్పుతూ చూడొచ్చు, ప్రతిసారీ అదే ముఖం పైకి వస్తుంటే లోపల ఒకవైపు బరువుందన్న మాట.

ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టే ముందు ఫోన్‌లోనే గూగుల్ షీట్స్ తెరిచి, చెప్పిన హద్దుల మధ్య ఏదో ఒక అంకె తీసిచ్చే రాండ్‌బిట్వీన్ ఫార్ములాతో పదేసి రోజుల ఆటలు పదింటికి జెండా ధరలు నడిపించి చూసుకోండి, గుండీ అంచుకి ఎన్నిసార్లు అతుక్కుందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. రెండు పాచికల మొత్తం కావాలంటే ఒకటి నుంచి ఆరు దాకా రెండుసార్లు తీసి కూడాలి గానీ రెండు నుంచి పన్నెండు అని ఒక్కసారి తీయకూడదు, అలా తీస్తే 2 కూడా 7 అంత తరచుగా వచ్చి ఇంతసేపు చెప్పుకున్నదంతా గాలికి పోతుంది.

ఆడిస్తున్నప్పుడు మీరు ఆడకండి, పక్కన కూర్చుని చూడండి. బాగుందా అని అడిగితే చుట్టాలు బాగుందనే అంటారు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పాచిక పడ్డాక ఎవరైనా ఒక్క క్షణం ఆగి బోర్డు వైపు చూస్తున్నారా, లేక చూడకుండానే చేయి కదిలిపోతోందా అన్నది గమనించండి. చేయి దానంతట అది కదిలే చోటల్లా ఒక పాచిక వృథా అవుతోంది, దాన్ని తీసేయండి లేదా దాని తర్వాత ఎంచుకోవడానికి రెండు దారులు పెట్టండి. అలాగే ఒకేసారి రెండు మూడు అంకెలు మార్చొద్దు. అద్దె మార్చిన రోజు కోతల పట్టిక ముట్టుకోకండి, లేకపోతే ఏది మార్చినందుకు ఆట బాగుపడిందో తెలియదు.

చివరగా రూల్స్ కాగితం మీద పాచికల గురించి నాలుగు ముక్కలు రాసి పెట్టండి, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. పాచిక బోర్డు మీద నుంచి కింద పడితే పందెం చెల్లదు, మళ్లీ వేయాలి. ఏదైనా వస్తువుకి ఆనుకుని వాలుగా నిలబడితే కూడా అంతే. స్టీలు గ్లాసులో వేసి గిలకరించి పోయాలి, వేళ్లతో మెల్లగా పెట్టడం కుదరదు. చేయి పావును వదిలితే నిర్ణయం అయిపోయినట్టే. ఇద్దరి డబ్బు సమానంగా ఉంటే ఎవరి దగ్గర బేరం బిళ్లలు ఎక్కువ మిగిలాయో వాళ్లు గెలిచినట్టు, అవీ సమానమైతే ఇద్దరూ ఒక్కో సరుకు పాచిక వేసి తేల్చుకోవాలి.